10 ఎంబీ ఫొటో ర్యామ్‌లో 96 ఎంబీ!

ముహూర్తాలు మొదలయ్యాయంటే మా కొండపాక వైపు ఫొటో, వీడియో పని చేసేవాళ్లకు కంటి మీద కునుకుండదు. పెళ్లి పత్రిక అచ్చేయించినా సరే, వాట్సాప్‌లో పంపడానికి వీడియో ఉండాల్సిందే. పూలు రాలాలి, పేర్లు బంగారు రంగులో మెరవాలి, ప్రీ వెడ్డింగ్ ఫొటోలు తేలుకుంటూ రావాలి. ఇలాంటివి చాలామంది చేసేది ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో. సరిగ్గా అర్జెంటుగా ఇవ్వాల్సిన రోజే, ఈ ఫ్రేముకు మెమరీ చాలడం లేదంటూ అది మొండికేస్తుంది.

మా చిన్నమ్మ కొడుకు బతుకుదెరువు కూడా ఇదే. మొన్న సాయంత్రం ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దుగాల వీడియో ఇయ్యాలె. రెండరింగ్ సగం కాడ ఆగిపోతుంది. షాపాయనేమో ఇంకో 16 జీబీ ర్యామ్ ఏపియ్యమంటుండు. ఏపియ్యాల్నా?"

ఇప్పటికే 16 జీబీ ఉంది. ఇంకో 16 అంటే ఈ సీజన్‌లో నాలుగు పెళ్లిళ్ల వీడియోల డబ్బు పోయినట్టే. "ఆగు తమ్మీ, ముందు ఫొటోల సైజు చెప్పు" అన్నాను. "పది ఎంబీ గూడ లేవన్నా ఒక్కోటి" అన్నాడు.

తిరకాసంతా ఆ పది ఎంబీలోనే ఉంది. జేపెగ్ ఫైలంటే జిన్నింగ్ మిల్లులో బేలు కట్టిన పత్తి లాంటిది. బేలుగా ఉన్నప్పుడు మూలకు సరిపోతుంది, విప్పితే గదంతా నిండుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పని మొదలుపెట్టాలంటే బేలు విప్పాల్సిందే. దానికి కావాల్సింది హార్డ్‌డిస్క్‌లోని సైజు కాదు, ఫొటోలో ఎన్ని పిక్సెళ్లున్నాయన్నది.

లెక్క వేసి చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో అంటే 6000 బై 4000. ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి 4 బైట్లు. అంటే ఒక్క ఫొటోకే 96 ఎంబీ. మావాడి టెంప్లేట్‌లో ఒక చోట 12 ఫొటోలు ఒకేసారి తెర మీదికొస్తాయి. 1,152 ఎంబీ అయింది. ఇదీ 8 బిట్ రంగుల లెక్క మాత్రమే. నెట్‌లో కొన్న ఆ టెంప్లేటేమో 32 బిట్‌లో ఉంది, కాబట్టి నాలుగు రెట్లు చేయాలి. 4.6 జీబీ! దీనికి తోడు 2021 అక్టోబరులో వచ్చిన 22.0 వెర్షన్ నుంచి మల్టీ ఫ్రేమ్ రెండరింగ్ అని ఒకటుంది. ప్రాసెసర్ కోర్లన్నింటికీ పని చెప్పి ఒకేసారి నాలుగైదు ఫ్రేములు వండుతుంది. వేగానికి మంచిదే, కానీ ఏ ఫ్రేము సామాను దానికి కావాలి. నాలుగు ఫ్రేములనుకుంటే పైపై లెక్కకే 18 జీబీ దాటింది. బ్లర్, గ్లో లాంటి ఎఫెక్టులకు మళ్లీ వేరే కాపీలు. విండోస్‌కు, తెరిచి పెట్టిన క్రోమ్‌కు కూడా ఇంత కావాలి కదా.

ఇంతా చేసి ఆ వీడియో 1920 బై 1080. అందులో ఒక్కో ఫొటో అరచేతి మందాన కనిపిస్తుంది. దానికి 6000 పిక్సెళ్లెందుకు?

ఫొటోలు కాపీ చేసి, ఫొటోషాప్‌లో ఫైల్, స్క్రిప్ట్స్, ఇమేజ్ ప్రాసెసర్‌లోకి వెళ్లి అన్నింటినీ ఒకేసారి 2400 బై 1600కు తగ్గించమన్నాను. ఒక్కోటి 96 నుంచి దాదాపు 15 ఎంబీకి దిగింది. తర్వాత ప్రాజెక్టులో రీప్లేస్ ఫుటేజ్ కొట్టాలి. ఇక్కడ చాలామంది బెదిరిపోతారు, ఫొటోలన్నీ చిన్నవైపోయి కనిపిస్తాయి. ఏమీ చెడిపోలేదు. పాత స్కేల్‌ను రెండున్నరతో హెచ్చవేస్తే చాలు, 20 ఉన్నచోట 50. ప్రాజెక్టు ప్యానెల్ కింద ఉండే 32 బీపీసీ మీద ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేస్తే 8కి మారుతుంది. 8లో రంగుల మధ్య చారలు కనిపిస్తే 16 పెట్టుకోండి. గ్లో మాత్రం 32లో ఉన్నట్టు ఉండదు, ఒకసారి చూసుకుని సరిచేసుకోవాలి. వాట్సాప్ ఎలాగూ నలిపేస్తుంది కాబట్టి చుట్టాలెవరూ కనిపెట్టరు లెండి.

మల్టీ ఫ్రేమ్ రెండరింగ్ తీసేయాల్సిన పని కూడా పడలేదు. రాత్రి పదకొండున్నరకు మెసేజ్ పెట్టాడు: "అయిపోయిందన్నా." ఒకవేళ మీకప్పటికీ ఆగిపోతుంటే ప్రిఫరెన్సెస్, మెమరీ అండ్ పర్ఫార్మెన్స్‌లో దాని టిక్ తీసి చూడండి. టైమెక్కువ పడుతుంది, పనైతే అవుతుంది.

కరెంటు నమ్మకం లేని చోట ఇంకో జాగ్రత్త. నేరుగా వీడియోగా కాకుండా ముందు పీఎన్‌జీ సీక్వెన్స్‌గా తీయండి. ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మగా సేవ్ అవుతుంది. 1,200వ ఫ్రేము దగ్గర ఆగినా మొదటి 1,199 భద్రమే. రెండర్ సెట్టింగ్స్‌లో స్కిప్ ఎగ్జిస్టింగ్ ఫైల్స్‌కు టిక్ పెడితే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది.

మరి ర్యామ్ ఎప్పుడు కొనాలి? అడోబ్ కనీసం 16 జీబీ అడుగుతోంది, 32 ఉంటే మేలంటోంది. 4కే వీడియోలు రోజూ చేసేవాళ్లు కొనుక్కోవచ్చు, దండగేం కాదు. ఇవన్నీ చేశాక కూడా, అదీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఒక్కటే కాకుండా వేరే ప్రోగ్రాములు కూడా ఉన్నట్టుండి మూసుకుపోతుంటే, నీలి తెర వస్తుంటే, అప్పుడు ర్యామ్ స్టిక్‌నే అనుమానించాలి. స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి నడిపించండి. అది తప్పు చూపిస్తే కొత్తది కొనేముందు పాత బిల్లు తీసి వారంటీ ఉందేమో చూసుకోండి.