సంపాదకుని మాట: ఆరుద్ర పురుగు ముందు కెమెరా

ఆరుద్ర కార్తె వానలకు నేల మీదికి వచ్చే ముఖమల్ ఎరుపు ఆరుద్ర పురుగును ఫొటో తీయాలంటే మాక్రో ఫొటోగ్రఫీ కావాలి. అంటే వస్తువు ప్రతిబింబం సెన్సార్ మీద అసలు పరిమాణంలోనే, 1:1 నిష్పత్తిలో పడాలి. ఇందుకోసమే తయారయ్యే లెన్సులు ఖరీదైనవి కనుక, చవక మార్గాలలో ఎక్స్‌టెన్షన్ ట్యూబుకే పెద్దపీట వేయవలసి ఉంది. లెన్సుకూ కెమెరాకూ నడుమ బిగించే ఈ బోలు గొట్టంలో గాజు ఉండదు కాబట్టి చిత్రపు నాణ్యతకు కొత్త దోషం అంటదు, 50 మి.మీ. లెన్సుకు 50 మి.మీ. గొట్టం జోడిస్తే 1:1 సిద్ధిస్తుంది, అయితే సెన్సార్‌పై పడే వెలుగు సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. లెన్సును తిరగేసి బిగించే రివర్స్ రింగు ఇంకా చవక, కానీ లెన్సు వెనుక వైపు సున్నితమైన గాజును దుమ్ముకు ఎదురుగా నిలుపుతుంది. లెన్సు ముందు తగిలించే ఒంటి గాజు క్లోజప్ ఫిల్టరు అంచులను మసక చేస్తుంది. అది కొనదగినది కాదు. గొట్టంతోనైనా, తిరగేసినా అపెర్చర్‌ను చేత్తోనే మార్చుకోవచ్చు కనుక, అపెర్చర్ రింగు ఉన్న ఫిల్మ్ కాలపు లెన్సు ఇంట్లో ఉన్న పాఠకులు దానిని పాత సామానుకు వేయవద్దని మనవి.