ఆ ఇరవై శాతం ఎవరి సొమ్ము?

'అన్ని మందుల మీద 20 శాతం తగ్గింపు' అన్న బోర్డు లేని మెడికల్ షాపు మన పట్టణాల్లో అరుదైపోయింది. బీపీ మాత్రలు కొన్న ముసలాయన బిల్లు చివర 'మీకు ఆదా' అన్న అంకె చూసుకుని, కొట్టువాడికి దణ్ణం పెట్టి మరీ వెళ్తాడు. ఆ దణ్ణం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన దగ్గర గుంజుదామని ముందే వేసుకున్న లెక్కలోంచి కాస్త వదిలేశారు, అంతే. అందులో ఉపకారం ఎక్కడుంది?

ఎమ్మార్పీ అంటే సర్కారు కట్టిన ధర అనుకుంటారు చాలామంది. నియంత్రణ జాబితాలో ఉన్న మందులను మినహాయిస్తే, ఆ అంకె వేసేది కంపెనీయే. మొదటి ధర దాని ఇష్టం. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ఆపేది ఆ తర్వాత ఏడాదికి 10 శాతం మించి పెంచడాన్ని మాత్రమే. కొట్టుకు చవగ్గా పడే బ్రాండెడ్ జెనరిక్ (పేటెంటు లేని మందునే సొంత పేరుతో అమ్మేది) మీద, కొట్టు కొన్న ధరకు ఎన్నో రెట్ల ఎమ్మార్పీ అచ్చేస్తారు. అందులో అయిదో వంతు వదిలేసినా కొట్టుకు మిగిలేది బోలెడు.

అంకె బుర్రను ఎలా పట్టేస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ 1974లోనే చూపించారు. 10 దగ్గర గానీ 65 దగ్గర గానీ ఆగేలా ముందే అమర్చిన చక్రం తిప్పి, ఐక్యరాజ్య సమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. 10 చూసినవాళ్ల అంచనా 25 దగ్గర, 65 చూసినవాళ్లది 45 దగ్గర తేలింది. ఏ సంబంధమూ లేని చక్రమే అంత పని చేస్తే, మాత్రల అట్ట మీద అచ్చయిన ధర ఏం చేయదు? చీర ధర ఎక్కువనిపిస్తే బేరమాడతాం, పక్క కొట్టుకు పోతాం, కొనడం మానేస్తాం. రోగి ఏం మానేస్తాడు? అతనికి పోల్చుకోవడానికి దొరికేది ఆ ఒక్క అంకె. దాన్నీ అమ్మేవాళ్లే రాస్తారు!

ఈ ధరలను అదుపు చేయడం సర్కారుకు చేతగాక ఊరుకుందా అంటే అదీ కాదు. లక్ష దాటి వసూలు చేస్తున్న గుండె స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో 29,600 రూపాయల పరిమితి పెట్టారు. ఐరోపా సమాఖ్యలో 2022 మే నుంచి, తగ్గింపు ప్రకటించే దుకాణం అంతకుముందు 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలి. మన దగ్గర 2023 నవంబరులో ఆన్‌లైన్ వ్యాపారుల మాయలు 13 ఏరి నిషేధించారు. ఉబ్బించిన ఎమ్మార్పీ ఆ జాబితాలోనే లేదు.

తగ్గింపులు పోతే పేదలే నష్టపోతారని వాదిస్తారు. ఒకటే కొట్టున్న పల్లెలో, ఆ బోర్డే లేని చోట, పూర్తి ఎమ్మార్పీ కడుతున్నది ఎవరు? ఆ పేదలే. కంపెనీ ఏ ధరకు టోకు వర్తకుడికి ఇచ్చిందో ప్రతి ఇన్వాయిస్‌లోనూ ఉంది. ఆ ధరను అట్ట మీద ఎమ్మార్పీ పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, తెలుగులో కూడా వేయాలి. ఆ తర్వాత ఎంత శాతం బోర్డైనా పెట్టుకోనివ్వండి.