తొలి నిమిషాల్లో తీగ తీసేదెవరు?

కార్యాలయంలో ఒక కంప్యూటరులో ఫైళ్లు తెరుచుకోవు. వాటి పేర్ల చివర ఎన్నడూ చూడని అక్షరాలు చేరి ఉంటాయి. సొమ్ము చెల్లిస్తేనే తాళం తీస్తామన్న హెచ్చరిక తెరపై ప్రత్యక్షమవుతుంది. రాన్సమ్‌వేర్‌గా పిలిచే ఈ దాడి ఒక యంత్రంతో ఆగుతుందా, కార్యాలయం మొత్తానికీ పాకుతుందా అన్నది చాలా సందర్భాల్లో ఆ కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుంది. ఆ సమయంలో అక్కడ ఉండేది రాజధానిలోని నిపుణుడు కాదు, బల్ల ముందు కూర్చున్న గుమస్తానో, ఆపరేటరో. అనుసంధానం తెంచే అధికారం తనకుందో లేదో ఆ ఉద్యోగికి తెలియకపోవడమే అసలు సమస్య.

జిల్లాలకూ తగిలిన సెగ

2017 మే 12న విరుచుకుపడిన వాన్నాక్రై 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను దెబ్బతీసింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు విభాగాలకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడిన విషయం విదితమే. ఎవరూ ఏదీ నొక్కకపోయినా ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి తనంతట తానే పాకడం దాని స్వభావం. విండోస్‌లోని ఆ లొసుగును సరిదిద్దే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసినా, దానిని వేసుకోని యంత్రాలు సులువుగా చిక్కాయి.

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆస్పత్రులు అదే దాడితో అతలాకుతలమయ్యాయి. ఆ దేశ నేషనల్ ఆడిట్ ఆఫీస్ 2017 అక్టోబరులో వెలువరించిన నివేదిక ఒక కీలకాంశాన్ని బయటపెట్టింది. సైబర్ దాడిని ఎదుర్కొనే ప్రణాళిక కాగితంపై ఉంది. అయితే స్థానిక స్థాయిలో దానిని ఎన్నడూ పరీక్షించి చూడలేదు. ఫలితంగా స్పందనకు ఎవరు సారథ్యం వహించాలో వెంటనే స్పష్టం కాలేదు. ఈ-మెయిల్ స్తంభించడంతో సిబ్బంది సొంత ఫోన్లు, వాట్సాప్‌పై ఆధారపడాల్సి వచ్చింది.

వేరు చేయడమే రక్ష

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై జరిగిన దాడిలో ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. ఓపీ నమోదు మొదలుకొని పలు సేవలను రోజుల తరబడి చేతిరాతతో నెట్టుకురావాల్సి వచ్చింది. నెట్‌వర్క్‌ను తగిన రీతిలో విభజించకపోవడం ఇందుకు కారణమని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. గదుల మధ్య తలుపులు లేని ఇంట్లో నిప్పు రాజుకున్నట్లే జరిగింది.

2024 జులై 31న ఇందుకు భిన్నమైన చర్య కనిపించింది. సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ రాన్సమ్‌వేర్‌కు గురైందన్న సమాచారంతో, జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరు చేసింది. దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. మరునాటికి భద్రతా పరిశీలన అనంతరం అనుసంధానం పునరుద్ధరించారు. ఒక రోజు అసౌకర్యానికి సిద్ధపడి, ముప్పు మిగతా వ్యవస్థకు పాకే అవకాశాన్ని అడ్డుకున్నారన్నది ఇక్కడ గమనార్హం.

చేయవలసినవి ఇవీ

అనుమానం రాగానే ఆ కంప్యూటరు నెట్‌వర్క్ తీగను తీసివేయాలి, వైఫై ఆపివేయాలి. ఒకటి కంటే ఎక్కువ యంత్రాల్లో అదే లక్షణం కనిపిస్తే ఆ గది లేదా అంతస్తు నెట్‌వర్క్ స్విచ్‌నే వేరు చేయాలి. బ్యాకప్ హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే తక్షణం తొలగించాలి, లేకుంటే దానికీ తాళం పడుతుంది. యంత్రాన్ని ఆపడం, మళ్లీ ప్రారంభించడం సరికాదు. దర్యాప్తునకు పనికివచ్చే ఆనవాళ్లు మెమరీ నుంచి చెరిగిపోతాయి. నెట్‌వర్క్ నుంచి వేరు చేసే మార్గమే లేనప్పుడు మాత్రం ఆపివేయడం మేలు. హెచ్చరికను ఫోనుతో ఫొటో తీసి, పై అధికారులకు ఈ-మెయిల్‌లో కాక ఫోనులో తెలపాలి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనలను గుర్తించిన ఆరు గంటల్లోగా ఆ సంస్థకు నివేదించాలి. సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. సొమ్ము చెల్లించినా ఫైళ్లు తిరిగి వస్తాయన్న హామీ ఏదీ లేదు.

సంతకం ముందే కావాలి

ఇవేవీ కష్టమైన పనులు కావు. కష్టమల్లా సంకోచమే. తీగ తీస్తే మీసేవ కేంద్రం ముందు వరుస నిలిచిపోతుంది, బ్యాంకు శాఖలో లావాదేవీలు ఆగుతాయి. అది ఉత్తుత్తి అనుమానమని తేలితే సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుందని చిన్న ఉద్యోగి జంకడం సహజం. అయితే పొరపాటున తీసిన తీగ ఖరీదు ఒక గంట, తీయని తీగ ఖరీదు వారాలు.

కాబట్టి అనుమానం వస్తే ఎవరినీ అడగకుండానే యంత్రాన్ని వేరు చేయవచ్చని, సదుద్దేశంతో చేసిన ఆ పనికి చర్య ఉండదని ప్రతి కార్యాలయాధిపతి లిఖితపూర్వకంగా ఆదేశించాలి. ఫోను నంబర్లతో కూడిన ఆ కాగితాన్ని గోడకు అంటించాలి, ఏడాదికి ఒకసారైనా కసరత్తు నిర్వహించాలి. నెట్‌వర్క్‌కు దూరంగా ఒక బ్యాకప్ ప్రతిని భద్రపరచాలి. వీటికి కొత్త బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు. జిల్లా యంత్రాంగం, సహకార బ్యాంకులు, ఆస్పత్రులు దాడి జరిగే దాకా వేచి చూడకుండా ఈ దిశగా తక్షణం ఉపక్రమించాల్సిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.