కంటికి కనబడని నొప్పి



జూరాల జలాశయం చెంతనున్న మా ధరూర్ మండలంలో వానకాలపు పత్తి పూతకు వచ్చిందంటే పగటిపూట ఇళ్లలో ఆడవారు కనిపించరు. ఇది విత్తన పత్తి పండించే నేల. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం పూట గోటితో ఒలిచి, అందులోని పుంకేసరాలను తీసివేయాలి. తెల్లవారిన తరువాత మగ మొక్కల పువ్వులను తెచ్చి, వాటి పుప్పొడిని ఒలిచి ఉంచిన పువ్వులకు అద్దాలి. దీనినే ఇక్కడ క్రాసింగ్ అంటారు. ఒక్కొక్క పువ్వును విడివిడిగా పట్టుకుని, మెడ దించి, నడుము వంచి, గంటల తరబడి చేసే పని ఇది. అటువంటి ఊరిలో ఒక స్త్రీ ఒళ్లు నొప్పులని అంటే ఎవరూ తల తిప్పి చూడరు. అది అందరికీ ఉండేదే అంటారు.

మా భాభీ విషయంలో మేమూ అలాగే అన్నాము.

పత్తి పనులు ముగిశాయి. రంజాన్ నెల వచ్చి వెళ్లింది. ఆమె నొప్పి మాత్రం పోలేదు. మెడలో మొదలైనది భుజాలకు, నడుముకు, తొడలకు, చివరకు అరచేతులకూ పాకింది. రాత్రంతా పడుకున్నా, ఫజర్ వేళ లేచేసరికి కన్ను మూయనట్టే ఉండేది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోయేవారు. రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు చేయించాము. అన్నీ సక్రమంగానే వచ్చాయి. “రిపోర్టులన్నీ బాగున్నాయి కదా, ఇంకేమి నొప్పి బేటీ?” అన్నారు అమ్మీ. ఆ మాటలో కోపం లేదు, నమ్మకమూ లేదు. భాభీ బదులు చెప్పలేదు. ఆనాటి నుండి ఆమె నొప్పి గురించి మాట్లాడడమే మానేశారు. ఆమెకు తగ్గిందని మేము సంతోషించాము. మా అజ్ఞానానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఈ నెల మా శీర్షికలో ఆ తప్పిదం గురించీ, దాని తరువాత ఆమె కోసం మేము సాగించిన వెతుకులాట గురించీ వ్రాస్తున్నాము. ఇటువంటి బాధితురాలు మీ ఇంట్లోనూ ఉండవచ్చు.

పేరు లేని మాత్ర

మా వెతుకులాట అందరిలాగే సూదిమందుతో మొదలైంది. ఊరిలో వైద్యం చేసే ఒకాయన ఇంజెక్షన్ వేసి, కాగితం పొట్లంలో విడి మాత్రలు కట్టి ఇచ్చాడు. నాలుగు రోజులు అద్భుతంగా పనిచేశాయి. పొట్లం అయిపోగానే నొప్పి తిరిగి వచ్చింది. మళ్లీ పొట్లం, మళ్లీ ఉపశమనం. మూడు నెలలకు ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బింది. రక్తంలో చక్కెర పెరిగింది. ఆ మాత్రలలో స్టెరాయిడ్ ఉండి ఉంటుందని తరువాత చూసిన వైద్యులు చెప్పారు.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. కీళ్లవాతం వంటి కొన్ని వ్యాధులలో అది ఎంతో మేలు చేస్తుంది. కానీ భాభీకి ఉన్న నొప్పికి అది మందే కాదు. దీర్ఘకాలం వాడితే ఎముకలు గుల్లబారుతాయి, చక్కెర వ్యాధి, రక్తపోటు పెరుగుతాయి. నెలల తరబడి వాడినదానిని భయపడి ఒక్కసారిగా మానివేయడమూ ప్రమాదకరమే, ఎందుకంటే శరీరం తనంతట తాను ఆ ద్రవ్యాన్ని తయారుచేసుకోవడం అప్పటికి తగ్గించివేసి ఉంటుంది. వైద్యుని పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. పేరు ముద్రించిన అట్ట లేని మాత్రను ఎవరు ఇచ్చినా మింగరాదన్నది మేము నేర్చుకున్న మొదటి పాఠం.

నొప్పికి పేరు దొరికిన రోజు

చివరకు హైదరాబాద్‌లో ఒక రుమటాలజీ వైద్యురాలు భాభీ చెప్పినదంతా అరగంట సేపు ఓపికగా విన్నారు. ఒళ్లంతా పరీక్షించి, దీనిని ఫైబ్రోమయాల్జియా అంటారని చెప్పారు. భాభీ కంగారు పడలేదు. “అయితే నాకు నిజంగానే జబ్బు ఉందన్నమాట” అన్నారు. ఆమె ముఖంలో మేము చూసినది ఊరట. మేము తల దించుకున్నాము.

ఈ బాధ కొత్తది కాదు. సుమారు వెయ్యి సంవత్సరాల క్రితమే ఇబ్న్ సీనా తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో నొప్పిని 15 రకాలుగా విభజించి, అలసట వంటి నొప్పిని అందులో ఒక రకంగా పేర్కొన్నారు. 1904లో ఇంగ్లండ్ వైద్యుడు గోవర్స్, కండరాలను అంటిపెట్టుకున్న పొరలలో వాపు వస్తుందని తలచి దీనికి ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టాడు. వాపు కోసం ఎంత వెతికినా కనబడలేదు. అందుకే 1976లో ఆ పేరు మారి ఫైబ్రోమయాల్జియా అయింది. అమెరికాలోని ఇల్లినాయిస్‌లో పనిచేసిన బంగ్లాదేశ్ సంతతి వైద్యుడు ముహమ్మద్ యూనుస్, 1981లో ఈ రోగులను ఆరోగ్యవంతులతో సరిపోల్చి దీని లక్షణాలను ఒక పద్ధతి ప్రకారం నమోదు చేశారు. 1990లో అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం, శరీరంపై 18 చోట్ల నొక్కి చూసి కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలన్న నియమం పెట్టింది. 2010లో ఆ నొక్కి చూసే నియమాన్ని పక్కన పెట్టి, నొప్పి శరీరంలో ఎంత మేర వ్యాపించింది, నిద్ర, అలసట, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయి, ఇదంతా మూడు నెలలుగా ఉన్నదా అని చూడసాగారు.

ఇది మనసు కల్పించినది కాదనడానికి ఒక ప్రయోగం చెప్పుకోవాలి. 2002లో అమెరికా పరిశోధకులు 16 మంది రోగులను, 16 మంది ఆరోగ్యవంతులను తీసుకుని, బొటనవేలిని నొక్కుతూ వారి మెదడును స్కానింగ్ చేశారు. ఆరోగ్యవంతులకు గట్టిగా నొక్కితేగాని కలగని మెదడు స్పందన, రోగులకు అంతకంటే చాలా తక్కువగా నొక్కినప్పుడే కలిగింది. అంటే లోపం కండరంలో కన్నా, నొప్పి సంకేతాలను పెంచి వినిపించే నాడీ వ్యవస్థలో ఉన్నదన్నమాట. రక్త పరీక్షలోనూ ఎక్స్‌రేలోనూ అది కనబడకపోవడానికి కారణం ఇదే.

ముందుగా తేల్చుకోవలసినవి

అయితే ఒళ్లు నొప్పులన్నీ ఫైబ్రోమయాల్జియా కావు. ముందుగా థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఎండ సోకక విటమిన్ డి తగ్గితే తొడలు, నడుము నొప్పి పుట్టి, కూర్చున్నవారు లేవడానికి కష్టపడతారు. ఎక్కువగా ఇంటిలోనే ఉండే మన ఆడవారిలో దీనిని మరువరాదు. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మందుల వల్ల కొందరికి కండరాలు నొస్తాయి. నల్గొండ ప్రజలు తరతరాలుగా ఎరిగిన ఫ్లోరైడ్ నీటి బాధ కూడా ఎముకల నొప్పిగా, బిగుసుకుపోవడంగా బయటపడుతుంది. కీళ్లు వాచి, ఉదయం గంటసేపు బిగుసుకుపోతూ ఉంటే అది కీళ్లవాతం కావచ్చు. జ్వరం, బరువు తగ్గడం, కాళ్లలో బలం పోవడం ఉంటే ఆలస్యం చేయరాదు. ఈ ప్రాథమిక పరీక్షలను గద్వాల, కర్నూలు, రాయచూరులలో జనరల్ వైద్యులు కూడా చేయించగలరు. అవసరమైతే హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

వైద్యం ఏమిటి?

ఐరోపా రుమటాలజీ వైద్యుల సంఘం అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నిటినీ పరిశీలించి 2017లో సిఫారసులు వెలువరించింది. వాటిలో అది బలంగా సిఫారసు చేసిన చికిత్స ఒకటే. అది వ్యాయామం. మందులు, కౌన్సెలింగ్ వంటివి ఆ తరువాతి స్థానంలో నిలిచాయి.

నొప్పితో లేవలేనివారిని నడవమంటే ఎగతాళిగా తోస్తుంది. మాకూ అలాగే తోచింది. రహస్యమంతా మోతాదులో ఉంది. నొప్పి తగ్గిన రోజున పది రోజుల పని ఒక్కసారే చేసి, తరువాత మూడు రోజులు మంచం పట్టడం ఈ రోగులందరి అనుభవం. దానికి బదులు, బాగున్న రోజునా బాగులేని రోజునా ఒకే కొలత పెట్టుకోవాలి. భాభీ ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టారు. వారానికి ఒకటి రెండు నిమిషాలు మాత్రమే పెంచారు. మొదటి వారాలలో నొప్పి కొంత పెరిగినట్టు అనిపించినా వైద్యురాలు ధైర్యం చెప్పారు. చైనా వారి నెమ్మదైన కదలికల వ్యాయామం తాయ్ చీని 226 మంది రోగులపై పరీక్షించిన అధ్యయనం 2018లో అమెరికా నుండి వెలువడింది. అది వేగంగా చేసే వ్యాయామంతో సమానంగానో అంతకు మించో మేలు చేసినట్టు తేలింది. కనుక పరుగులు పెట్టనక్కరలేదు. విడవకుండా చేయడమే ముఖ్యం.

మందులలో, రాత్రివేళ తక్కువ మోతాదులో ఇచ్చే అమిట్రిప్టిలిన్ కొందరికి నిద్రను, నొప్పిని కుదుటపరుస్తుంది. అమెరికా ఔషధ సంస్థ ఈ వ్యాధికి 2007లో ప్రీగాబాలిన్‌ను, 2008లో డులోక్సెటిన్‌ను, 2009లో మిల్నాసిప్రాన్‌ను ఆమోదించింది. ఇవి అందరికీ పనిచేయవు. పనిచేసినవారికీ నొప్పి పూర్తిగా పోదు. మగత, తల తిరగడం, బరువు పెరగడం వంటి ఇబ్బందులు కొందరికి కలుగుతాయి. వీటిలో కొన్నింటిని మానసిక కుంగుబాటుకూ ఇస్తారు కనుక, మందుల షాపులో ఆ మాట వినగానే “మా అమ్మాయికి పిచ్చా?” అని చీటీ చింపివేసేవారున్నారు. నాడుల మధ్య సంకేతాలను సరిచేసే గుణం వల్లనే అవి నొప్పికీ పనికివస్తాయి. వాటిని ఒక్కసారిగా మానరాదు.

మన ఇళ్లలో తప్పక వచ్చే ప్రశ్న హిజామా. దైవప్రవక్త (సఅసం) చేయించుకున్న చికిత్సగా దానిపై మనకు గౌరవం ఉన్నది. జర్మనీలో 141 మంది ఫైబ్రోమయాల్జియా రోగులపై కప్పులు పెట్టే చికిత్సను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఐదుసార్లు చేయించుకున్నవారికి, మామూలు చికిత్సలో కొనసాగినవారి కంటే నొప్పి తగ్గింది. కానీ గాలి లాగనట్టుగా ఏర్పాటు చేసిన ఉత్తుత్తి కప్పులు పెట్టించుకున్నవారికీ దాదాపు అంతే తగ్గింది. కనుక ఉపశమనం కోసం చేయించుకునేవారు చేయించుకోవచ్చు. దానిని నమ్ముకుని నడకను, మందును వదలరాదు. బ్లేడు కొత్తదై ఉండాలి. రక్తహీనత ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా చేయించుకోరాదు. యునానీలో కీళ్ల నొప్పులకు వాడే సూరంజాన్‌లో కోల్చిసిన్ అనే తీవ్రమైన ద్రవ్యం ఉంటుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది ప్రాణాపాయం కలిగించగలదు. యునానీ వైద్యమే కావాలనుకుంటే చార్మినార్ చెంతనున్న నిజామియా ఆసుపత్రి వంటి చోట, చదువుకున్న హకీములనే ఆశ్రయించండి. ఇప్పటికే వాడుతున్న మందులన్నీ వారికి చూపండి.

ఇంటివారి వంతు

అన్ని మందుల కంటే ముందు రోగికి కావలసినది ఇంటివారి నమ్మకం. నమ్మని ఇంటిలో రోగి రెండు బరువులు మోస్తుంది. ఒకటి నొప్పి, రెండవది అది నిజమని నిరూపించుకునే పని. అలాగని ఆమెను మంచానికి పరిమితం చేసి, చేతిలో పని అంతా లాక్కోవడమూ మేలు కాదు. మేము పనులను ముక్కలుగా పంచుకున్నాము. నీళ్ల బిందెలు భాయీజాన్ మోస్తున్నారు. రొట్టెల పిండి అమ్మాయిలు పిసుకుతున్నారు. వంట భాభీదే, మధ్యలో పావుగంట విరామంతో. అసర్ తరువాత ఆమెకు చాయ్ లేదు, ఇషా తరువాత ఫోను లేదు. నిద్ర వేళ మారదు.

సజ్దాకు వంగలేని రోజులలో ఆమె కుర్చీపై నమాజ్ చేస్తున్నారు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజ్ చేయడానికి ప్రవక్త (సఅసం) ఇచ్చిన అనుమతి మనందరికీ తెలిసినదే. అయినా పదిమంది ఆడవారి మధ్య కుర్చీ అడగడానికి ఆమె ఎంత సంకోచించారో మేము చూశాము. ఆ కుర్చీని ఆమె అడగకముందే వేయవలసినది మనము. రంజాన్‌కు నెల ముందే వైద్యుని కలిసి మాత్రల వేళలను సహరీ, ఇఫ్తార్‌లకు సర్దించుకోవాలి. కుదరనప్పుడు రోగికి మినహాయింపు ఉన్నది. మందు మానివేసి ఉపవాసం పాటించి మంచాన పడడం మన ధర్మం కోరలేదు.

భాభీకి పూర్తిగా నయమైందని వ్రాయలేము. చలికాలంలో నొప్పి పెరుగుతూనే ఉంది. కానీ ఐదు నిమిషాల నడక ఇప్పుడు ముప్పై నిమిషాలైంది. నిద్ర పడుతోంది. పేరు లేని మాత్రలు ఇంట్లోకి రావడం లేదు. క్రితం నెల ఒక సాయంత్రం ఆమె నడకకు బయలుదేరుతుంటే అమ్మీ చెప్పులు వేసుకుని వాకిట నిలబడి, “ఈ రోజు ఎక్కడ నొప్పిగా ఉంది బేటీ? నెమ్మదిగా పోదాం, నేనూ వస్తాను” అన్నారు.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారి ఇంటివారికి వినే ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.