కొట్టుటకు ముందు నిలుచుట నేర్వవలెను

1965వ సంవత్సరమున అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునందు, బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపమున, జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్, బార్నీ మెకాలమ్ అను మువ్వురు మిత్రులు కుటుంబ వినోదార్థము కల్పించిన పికిల్‌బాల్, నేడు సముద్రములు దాటివచ్చి హైదరాబాదువంటి మన నగరములలో ఆబాలవృద్ధులకు సాయంకాల వ్యాయామమగుట సంతోషింపదగినదే. కాని ఈ క్రొత్త క్రీడను చేపట్టినవారు పాడిల్ వెల విచారించుటయందును, బంతిని బలముగా మోదుటయందును చూపు శ్రద్ధలో నాలుగవ పాలైనను, దెబ్బకును దెబ్బకును నడుమ తాము నిలుచు తీరునందు చూపకుండుట శోచనీయము. ఈ ఆటలో జయాపజయములను నిర్ణయించునది కొట్టుటకంటె ముందు కొట్టుటకు సిద్ధమై యుండుటయే యని నా దృఢాభిప్రాయము.

ఇందుకు కారణము కోర్టు కొలతలయందే యున్నది. 44 అడుగుల పొడవును 20 అడుగుల వెడల్పును గల ఈ కోర్టు, బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టుతో సమానమైనది. నెట్‌కు ఇరుప్రక్కల ఏడేసి అడుగుల మేర గల, కిచెన్ అను భాగములో నిలిచి, నేల తాకని బంతిని కొట్టరాదు. కావున ఉభయపక్షములవారును తమ తమ కిచెన్ గీతలవద్దకు చేరి ఎదురెదురుగా నిలిచినప్పుడు వారి నడుమ మిగులు దూరము 14 అడుగులు మాత్రమే. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు బంతి ఆ దూరమును పావు సెకను కాలములో గడచును. కంటితో చూచి చేయి కదల్ప నారంభించుటకే మానవునకు ఇంచుమించు అంత కాలము పట్టును. ఇట్టి స్థితిలో తొడ ప్రక్కన వ్రేలాడుచున్న పాడిల్‌ను అప్పటికప్పుడు పైకెత్తబూనుట, ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట వంటిది.

మఱి నిలువవలసిన విధమెట్టిది? పాడిల్ రొమ్మునకు ఎదురుగా, దేహమునకు కొంచెము ముందుగా, కొన పైకి చూచునట్లు నిలిచి, దాని ముఖము కొంత బ్యాక్‌హ్యాండ్ వైపునకు తిరిగి యుండవలెను. ఏలయన, దేహముమీదికి దూసికొనివచ్చు బంతిని బ్యాక్‌హ్యాండ్ సులభముగా అడ్డగింపగలదు. ఫోర్‌హ్యాండ్‌తో అడ్డుకొనబోయినచో మోచేయి ప్రక్కటెముకలకు చిక్కి చేయి ముడుచుకొనిపోవును. కుడిచేతి ఆటగాని కుడి భుజమునకును నడుమునకును మధ్యభాగమునే నేర్పరులైన ప్రత్యర్థులు గురిచూచుట ఇందువలననే. పిడిని బిగించి పట్టరాదు. బిగిసిన పట్టునకు తగిలిన బంతి ఎగిరిపడి ఎదుటివానికి వరమగును. పాదములు భుజముల వెడల్పున ఎడముగా, మోకాళ్ళు కొంచెము వంగి, దేహభారము మునివ్రేళ్ళవైపు మ్రొగ్గి యుండవలెను. ప్రత్యర్థి బంతిని తాకు క్షణమున కదలిక మాని రెండు పాదములమీదను సమముగా నిలద్రొక్కుకొనవలెను.

అట్లని ఇది శిలాప్రతిమవలె మార్పెఱుగని స్థితి కాదు. మన బంతి పొరపాటున ఎత్తుగా లేచినప్పుడు, రాబోవు దెబ్బ పాదముల దరికే వచ్చును గనుక, పాడిల్‌ను క్రిందికి దింపి అడుగు వెనుకకు వేయుట వివేకము. బంతిని మెల్లగా నెట్ దాటించి ఎదుటి కిచెన్‌లో పడవేయు డింకులాడునప్పుడు పాడిల్ క్రిందికి దిగుట సహజమే. కాని ప్రతి డింకు ముగియగానే అది తిరిగి స్వస్థానమును చేరవలెను. బ్యాడ్మింటన్ ఆడి వచ్చినవారు రాకెట్టును భుజముపై కెత్తి పట్టుటకును, టెన్నిస్ ఆడి వచ్చినవారు దూరముగా వెనుకకు లాగి కొట్టుటకును అలవడియుందురు. ఆయా క్రీడలలో గుణములైన ఈ అలవాట్లు ఇక్కడ కాలహరణ హేతువు లగుచున్నవి. బ్యాడ్మింటన్‌కు పేరుగాంచిన మన తెలుగునాట ఈ హెచ్చరిక మఱింత అవసరము.

సులభముగా ఆడదగుటయే ఈ క్రీడకు సొగసనియు, వినోదముకొఱకు వచ్చినవారిపై ఇన్ని నియమములు మోపరాదనియు కొందఱనవచ్చును. కాని పరుగెత్తజాలని వయోవృద్ధులకు ఈ నిలుకడయే పరుగునకు మాఱుగా ఉపకరించును. రొమ్మునకు ఎదురుగా నిలిచిన పాడిల్ కంటికి తగులబోవు బంతిని సైతము కొంతవఱకు వారింపగలదు. రక్షణ కళ్ళద్దములు ధరించుట అప్పటికిని మానరానిదే.

కావున శిక్షకులకు నా విన్నపము: తొలిదినముననే స్మాష్ నేర్పుటకు తొందరపడక, శిష్యుని కిచెన్ గీతవద్ద నిలిపి, అతని దేహమునకు గురిగా మెల్లగా బంతులు పంపి, పాడిల్‌ను విసరకుండ కేవలము అడ్డుపెట్టుట అభ్యసింపజేయుడు. ఆటగాండ్రును ప్రతి దెబ్బ పిదప తమ పాడిల్ ఎక్కడ నున్నదో చూచుకొనుట అలవఱచుకొందురుగాక. వేల రూపాయలు పోసి కొన్న పాడిల్ అయినను, మోకాలి ప్రక్కన వ్రేలాడుచున్నంతసేపు నిష్ప్రయోజనమే.