ఏమీ లేదన్న చోట

సైబర్ టవర్స్‌లో మొదటి కొలువులు చేసినవాళ్ళు నలుగురు ఎక్కడైనా కలిస్తే మాటలు ఇట్టే పాత రోజుల్లోకి వెళ్ళిపోతాయి. కోఠీ నుంచి వచ్చే 127కే, సికింద్రాబాద్ నుంచి వచ్చే 10హెచ్, వాటి ఫుట్‌బోర్డు మీద వేలాడిన ఉదయాలు. అమీర్‌పేట మైత్రీవనంలో నేర్చుకున్న కోర్సులు. మాదాపూర్‌లో ముగ్గురు కలిసి అద్దెకు తీసుకున్న ఒంటిగది. రాత్రి షిఫ్టు దిగాక మనిషి జాడ లేని రోడ్డు. ఫోను ఎత్తినా డబ్బులు పోయే కాలం కాబట్టి ఇంటి నుంచి కాల్ వస్తే కట్ చేసి, ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తడం. వింటుంటే ముచ్చటేస్తుంది.

1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి ఆ పదంతస్తుల గుండ్రటి భవనాన్ని ప్రారంభించారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి ప్రసంగించారు. అప్పటి పాతికేళ్ళ కుర్రవాళ్ళు ఇప్పుడు యాభై దాటుతున్నారు. వాళ్ళ పిల్లలు కొండాపూర్‌లో పుట్టి, గచ్చిబౌలిలో చదువుకున్నారు. మీదే ఊరని అడిగితే తాతగారి గుంటూరో ఖమ్మమో చెప్పకుండా ఇదే మా ఊరంటున్నారు. జనం ఒక చోటును సొంతూరు అనుకోవడానికి కనీసం ఒక తరం పడుతుంది. ఇక్కడ ఆ తరం పూర్తయింది. ఈ ప్రాంతానికీ జ్ఞాపకాలు చెప్పుకునే వయసొచ్చిందన్నమాట. అది సంతోషించవలసిన విషయం.

అయితే ఆ ముచ్చట్లన్నీ తిరిగి తిరిగి ఒక మాట దగ్గర ఆగుతాయి. ‘అప్పుడిక్కడ ఏముందండీ, బండలూ తుప్పలూ తప్ప!’ ఎంత దూరం వచ్చామో చెప్పుకోవడానికి వాడే మాటే గాని అందులో దురుద్దేశం లేదు. ప్రభుత్వ ప్రకటనల్లో, ఫ్లాట్లు అమ్మే కరపత్రాల్లో ఇదే మాట కాస్త గంభీరంగా వినబడుతుంది. పాతికేళ్ళుగా అందరూ అంటూ రావడంతో అదే చరిత్రగా స్థిరపడిపోయింది. అది నిజం కాదని ఇప్పుడైనా గట్టిగా చెప్పుకోవాలి.

ముందు ఆ బండల సంగతే చూద్దాం. ఖాజాగూడ గుట్టల్లో, రాయదుర్గం రాళ్ళలో, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలోని పుట్టగొడుగు బండలో కనిపించే గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. హిమాలయాలు వీటిముందు నిన్నమొన్నటివి. ఎండకూ వానకూ పగిలి, అరిగి, ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలిచిన ఈ శిలలను కాపాడాలంటూ 1996లోనే నగరంలో ఒక సొసైటీ ఏర్పడింది. సైబర్ టవర్స్‌కు పునాదులు తవ్వడానికి ముందటి మాటే అది. ఆ సొసైటీ సభ్యులు ఏళ్ళ తరబడి జనాన్ని ఆ గుట్టల్లో నడిపించి చూపించినా, వాళ్ళ కళ్ళముందే ఎన్నో గుట్టలు కంకరగా మారిపోయాయి.

బండల మధ్య దాగిన దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇక్కడి నుంచే వెళ్ళేది. చుట్టూ గుట్టలు మూసేయడంతో బయటివాళ్ళ కంటపడని ఈ నీటికి ‘రహస్య చెరువు’ అనే పేరు నిన్నమొన్నటిదాకా సరిగ్గానే సరిపోయింది. 2020 సెప్టెంబరులో దానిమీద తీగల వంతెన వచ్చాక రహస్యం ఏమీ మిగల్లేదు. సెల్ఫీల కోసం అక్కడ ఆగే వందలాది మందిలో ఆ నీళ్ళు తాగి ఒక రాజధాని బతికిందని తెలిసినవాళ్ళు ఎందరుంటారు? వంతెన పొడవు చెప్పే ఉత్సాహంలో కొంతైనా చెరువు కథ చెప్పడానికి చూపించి ఉంటే బాగుండేది.

పాత బొంబాయి రోడ్డు పట్టుకుని షేక్‌పేట దగ్గరికి వస్తే కుతుబ్‌షాహీల నాటి సరాయి కనిపిస్తుంది. గోల్కొండకు దూరాల నుంచి వచ్చే వర్తకులు, బాటసారులు రాత్రికి దిగడానికి గదులు, గుర్రాలకూ ఒంటెలకూ కొట్టాలు, పక్కనే మసీదు. ఆ చుట్టుపక్కలే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా. 16వ శతాబ్దంలో హుస్సేన్ సాగర్ నిర్మాణం ఆయన పర్యవేక్షణలోనే జరిగిందని చెబుతారు. అక్కడి నుంచి కాస్త ముందుకొస్తే అయ్యప్ప సొసైటీ హాస్టళ్ళు. సరుకుతో వచ్చినవాడికి అప్పుడు, రెజ్యూమెతో వచ్చినవాడికి ఇప్పుడు బస ఇవ్వడం ఈ దారికి వందల ఏళ్ళ అలవాటు. మాదాపూర్ హాస్టల్లో మూడు మంచాల గదిలో దిగిన శ్రీకాకుళం పిల్లకూ ఆదిలాబాద్ పిల్లవాడికీ ఈ సంగతి ఎవరైనా చెబితే, పరాయి చోటికి వచ్చామన్న బెంగ కొంత తగ్గుతుందేమో.

ఇక ఊళ్ళు. మాదాపూర్, గుట్టల బేగంపేట, ఖానామెట్, ఇజ్జత్‌నగర్, కొత్తగూడ, కొండాపూర్, ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, గోపన్‌పల్లి, నల్లగండ్ల. ఇప్పుడు జంక్షన్లుగా, ఫ్లైఓవర్లుగా వినబడే ఈ పేర్లన్నీ రంగారెడ్డి జిల్లా పల్లెలవి. చెరువుల కింద వరి, మెట్టన జొన్న. ఈతవనాలు. గొర్రెల మందలు. రాయి కొట్టే వడ్డెరల గుడిసెలు, తండాల్లో లంబాడాలు. గ్రామదేవతకు ఆషాఢంలో బోనం. నానక్‌రామ్‌గూడలో పాత రంగనాథస్వామి గుడి. పశువులు మేసే ఉమ్మడి బీళ్ళు కంచలు. కంచ గచ్చిబౌలి అనే పేరు అట్లాంటి బీడు నుంచి వచ్చిందే. 2025 మార్చి చివర అక్కడి 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగినప్పుడు విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. ఆ వారం రోజులూ దేశమంతా అక్కడి జింకల గురించీ నెమళ్ళ గురించీ మాట్లాడుకుంది. ఏమీ లేదన్న చోట ఏమేం ఉన్నాయో చాలామందికి తెలిసింది అప్పుడే.

ఆ విశ్వవిద్యాలయం కూడా ఈ ప్రాంత జ్ఞాపకంలో పెద్ద భాగం. 1974లో అబిడ్స్‌లోని సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలై, తర్వాత గచ్చిబౌలికి తరలింది. దానికి అప్పట్లో కేటాయించిన భూమి సుమారు 2,300 ఎకరాలు. ఆ రోజుల్లో ఇక్కడ చదివినవాళ్ళకు క్యాంపస్ నుంచి నగరంలోకి వెళ్ళడమంటే ఊరికి వెళ్ళడమే. 1992లో శిల్పారామం వచ్చింది. మాదాపూర్ అనే పేరు హైదరాబాదీల నోట నలగడం మొదలైంది బహుశా దానితోనే. శిల్పారామంలో చక్కటి గ్రామీణ మ్యూజియం ఉంది. కుమ్మరి, సాలె, కమ్మరి పనిచేస్తున్నట్టు బొమ్మలున్నాయి. పిల్లలు ఆశ్చర్యంగా చూస్తారు. ఆ గోడ బయటే ఉండిన మాదాపూర్ పల్లె గురించి మాత్రం అక్కడేమీ తెలియదు.

ఈ ఊళ్ళను క్షుణ్ణంగా గుర్తుపెట్టుకున్న చోటు ఒకటుంది. అది రెవెన్యూ ఆఫీసు. రాయదుర్గం పాన్‌మక్తా, రాయదుర్గం నవ్‌ఖల్సా వంటి పేర్లు ఇప్పుడు వినబడేది అక్కడా, కోర్టు తీర్పుల్లోనే. ఏ సర్వే నంబరు ఎవరి ఇనాము, ఏది మక్తా, ఏది జాగీరు, 1954-55 ఖాస్రా పహాణీలో సాగు ఎవరిది అన్నది అంగుళం తేడా లేకుండా వెదికి తీయగలరు. భూమికి విలువ ఉంది గనక దాని జ్ఞాపకానికీ విలువ వచ్చింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ప్రభుత్వ వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. ఆ ఎకరంలో ఒకప్పుడు నాగలి పట్టిన మనిషి మాట రాసిపెట్టుకున్న కాగితం మాత్రం ఏ ఆఫీసులోనూ దొరకదు. గ్రామ పంచాయతీలు శేరిలింగంపల్లి మున్సిపాలిటీలో కలిశాయి. 2007లో ఆ మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. ఒక్కో విలీనంతో ఊరి మాట కొంత కొంత వెనక్కి పోయింది.

భవనాలు కట్టినవాళ్ళ జ్ఞాపకం అసలే లేదు. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చి, రేకుల షెడ్లలో ఉండి, ఈ అద్దాల మేడలు లేపి, మరో సైట్‌కు తరలిపోయిన కూలీలు ఎందరో. ఈ ప్రాంత చరిత్ర ఎప్పుడైనా ఎవరైనా రాస్తే అందులో వాళ్ళకు ఒక అధ్యాయం ఉండి తీరాలి.

ఇలా మరిచిపోవాలనేమీ లేదు. నానక్‌రామ్‌గూడకు 2023లో మారిన అమెరికా కాన్సులేట్ నుంచి వీసాతో బయటికొచ్చే మన పిల్లల్లో చాలామంది చివరికి చేరేది కాలిఫోర్నియాలోని శాంటాక్లారా లోయకు. సిలికాన్ వ్యాలీ అనే పేరు రాకముందు దాన్ని మనసుకు హాయినిచ్చే లోయ అని పిలిచేవారు. శాన్‌హోసే చుట్టూ, సన్నీవేల్ చుట్టూ చెర్రీలు, ప్లమ్‌లు, మన హైదరాబాద్ విందుల్లో మీఠాగా వచ్చే ఖుబానీలు విరగకాసేవి. వాటిని డబ్బాల్లో నింపే కర్మాగారాల్లో వేలమంది, అందులో ఎక్కువగా ఆడవాళ్ళు, పనిచేసేవారు. చిప్‌లు వచ్చాయి, తోటలు పోయాయి. కానీ సన్నీవేల్ నగరం దాదాపు 10 ఎకరాల ఖుబానీ తోటను అట్టేపెట్టుకుంది. దాని పక్కనే ఊరి మ్యూజియం కట్టుకుంది. మూతపడిన లిబ్బీస్ పండ్ల కర్మాగారం నీళ్ళ ట్యాంకును కూల్చకుండా, దానిమీద పాత పండ్ల డబ్బా లేబులునే రంగుల్లో వేసి నిలబెట్టింది. ఆ ట్యాంకు కింద నుంచి రోజూ ఆఫీసుకు వెళ్ళే తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు.

ఆ తోటను చూసినప్పుడు మన సంగతి గుర్తుకు రావాలి. ఒకప్పుడు హైదరాబాద్ శివార్లంటే ద్రాక్షతోటలే. అనాబ్-ఎ-షాహీ అనే పచ్చటి పెద్ద గింజల ద్రాక్ష హైదరాబాద్ పేరును దేశమంతా తిప్పింది. పందిళ్ళ కింద నిలబడి గుత్తులు కోయించుకుని తెచ్చుకున్న ఆదివారాలు పాతతరం హైదరాబాదీలకు ఇప్పటికీ తీపి గుర్తే. ఆ పందిళ్ళు నగరం పెరిగిన కొద్దీ దూరం జరిగి, చివరికి కనుమరుగయ్యాయి. పరాయి దేశపు ఊరు పది ఎకరాల చెట్లను ఉంచుకున్నప్పుడు, ఎకరం ధర వంద కోట్లు దాటిన మనం ఒక పందిరిని ఉంచుకోలేమా? కొత్తగూడ రిజర్వు అడవిలోని బొటానికల్ గార్డెన్‌లో కొంత చోటు చాలు. ధర ఎక్కువ కాబట్టే కుదరదనడం సమంజసం కాదు. సన్నీవేల్‌లో నేల కూడా చవక కాదు.

అడుగుతున్నది పెద్ద కట్టడాలు కాదు. రాయదుర్గం, దుర్గం చెరువు మెట్రో స్టేషన్ల గోడలమీద ప్రకటనల నడుమ ఆ చోటి కథకు నాలుగు గజాల జాగా. షేక్‌పేట సరాయికి పూర్తి మరమ్మతు జరగడం. శిల్పారామంలో శేరిలింగంపల్లి పల్లెలకంటూ ఒక గది, అందులో పాత గ్రామపటాలు, ఊరివాళ్ళ ఇళ్ళల్లో ఉన్న పెళ్ళి ఫోటోలు, పొలం ఫోటోలు. పెద్ద ఐటీ కంపెనీలు తమ సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. ఆ చట్టం వారసత్వ సంపద రక్షణనూ అందులో చేర్చింది. తాము నిలబడిన నేల కథ రాయించడానికి ఈ కంపెనీలకన్నా తగినవాళ్ళు ఎవరు?

మొదటి పని అంతకన్నా చిన్నది, దానికి నిధుల కోసం ఎదురుచూడనక్కరలేదు. ఖాస్రా పహాణీ రాసిన నాటికి చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళకు ఇప్పుడు ఎనభై ఏళ్ళు. మాదాపూర్, కొండాపూర్, గోపన్‌పల్లి పాత గల్లీల్లో వాళ్ళు ఇంకా అరుగులమీద కనిపిస్తారు. వచ్చే వేసవి సెలవుల్లో అక్కడి ప్రభుత్వ పాఠశాలల పిల్లలనూ, గేటెడ్ కమ్యూనిటీల పిల్లలనూ కలిపి, చేతికో నోటుపుస్తకమిచ్చి ఆ పెద్దల దగ్గరికి పంపించవచ్చు. ఏ బావి నీళ్ళు తీయగా ఉండేవి, బోనాలు ఏ దారిన వెళ్ళేవి, వానాకాలంలో వాగు ఎక్కడ దాటేవారు, బడికి ఎంత దూరం నడిచేవారు, ఇప్పుడు మా అమ్మ పనిచేసే ఆఫీసు ఎవరి పొలంలో ఉంది తాతా, అని అడిగి రాసుకు రమ్మనవచ్చు.