సర్వర్ 99 శాతం నడిచిందట, మరి నా ఫారం ఏది?



మొన్న ఇక్కడ ఒక అన్న రాసిండు, "ఆఖరు తారీఖు దాక ఆగుడెందుకు, సర్వర్ మంచిగనే ఉండె కదా" అని. అన్నా, నాకు ఆదాయం సర్టిఫికెట్ చేతికొచ్చిందే గడువుకు రెండు రోజుల ముందు. ఆ రెండు రోజులు జగిత్యాలల నెట్ సెంటర్‌లనే కూసున్న. పేజీ తెరుచుకుంటది, ఓటీపీ రాదు. వచ్చేసరికి టైం అయిపోయింది అంటది. అమ్మ రెండు రోజుల కూలి సెంటర్‌కే పోయింది. ఫారం పోలేదు.

ఫోన్ చేస్తే "సర్వర్ నడుస్తనే ఉంది" అన్నరు. అబద్ధం కాకపోవచ్చు. కానీ సిరిసిల్లల మరమగ్గం చప్పుడు విని ఎవరన్నా కూలి కడతరా? గుడ్డ మీటర్లు కొలిచి కడతరు. మనకు గుడ్డ అంటే చివరికి వచ్చే అప్లికేషన్ నంబర్. కొలిస్తే అది కొలవాలె.

డిగ్రీల నాది కంప్యూటర్లు కాబట్టి ఒక లెక్క చెప్త. సంవత్సరానికి 8,760 గంటలు. 99 శాతం నడిచిందంటే 87 గంటలకు పైన ఆగినట్టు, అంటే మూడున్నర రోజులు. అవి ఎండకాలం సెలవుల్ల పడితే ఎవరికీ నష్టం లేదు. గడువు రోజులల్ల పడితే నాకు అది సున్నా శాతమే. ఇంకోటి, ఫారం పోవాలంటే లాగిన్, ఆధార్, ఓటీపీ, బ్యాంకు వివరాలు, సబ్మిట్ అన్నీ వరుసగా నడవాలె. రద్దీల ఒక్కోటి 80 శాతమే నడిచిందనుకో, ఐదూ గుణిస్తే 33 శాతం కూడా రాదు. ముగ్గుట్ల ఇద్దరు వాపస్.

"రెండో సర్వర్ పెట్టినం" అంటరు. ఒకటి పడితే ఇంకోటి అందుకునే మిషన్లు చేసే టాండెం కంపెనీల జిమ్ గ్రే 1985లనే లెక్క తీసిండు. ఆగిపోయిన వాటిల్ల హార్డ్‌వేర్ వల్ల 18 శాతమే, నడిపేటోళ్ల వల్ల 42, సాఫ్ట్‌వేర్ వల్ల 25. రెండు సర్వర్లల్ల అదే తప్పు ప్రోగ్రాం ఉంటే రెండూ అదే రద్దీకి పడతయి. ఓటీపీ పంపేది ఒక్కటే అయితే వెనుక పది సర్వర్లున్నా ఏం లాభం?

మన దిక్కు నుంచి ఎవ్వలం రాసిపెట్టలేదు, అందుకే వాళ్ల లెక్కనే లెక్క అయింది. ఈసారి తారీఖు, టైం, ఏ మెట్టు కాడ ఆగింది, ఎంతసేపటికి మళ్ల నడిచింది రాద్దాం, స్క్రీన్‌షాట్ పెడదాం. ఫారం పోయినా రాయాలె, లేకుంటే లెక్క ఒంటిదిక్కు అయితది. జగిత్యాల హాస్టల్ నుంచి నేను రాస్త. కోరుట్ల నుంచి ఒకలు, సిరిసిల్ల నుంచి ఒకలు కింద పేరియ్యుండ్రి.